గొంతుజోడు

మా ఆయన దాహం నా గొంతులోకి వచ్చిన రోజు నేను మొట్టమొదట చేసిన పని ఆయన మీద కోప్పడటం.

"ఇదేనేటి మావా? ఇన్నాళ్ళూ నీకున్నాది ఇదేనా?" అన్నాను. నాలుక అంగిటికి అతుక్కుపోయింది. గొంతులో వేడి ఇసక పోసినట్టుంది. మాట కూడా సరిగ్గా పెగల్లేదు.

"ఇదే," అన్నాడు ఎదురు కుర్చీలో కూర్చున్న ఢిల్లేశ్వర్రావు, అంటే మా ఆయన.

"మరి సెప్పవేటి?"

"సెప్పినాను. నువ్వు గ్లాసు లాగీసుకున్నావు."

నిజమే, లాగేసుకున్నాను. నాలుగేళ్ళుగా నా ఉద్యోగమే అది. కిడ్నీలు రెండూ పోయిన మనిషికి తాగిన నీళ్ళు బయటికి పోవు. డయాలసిస్ మిషను వాటిని లాగే దాకా ఒంట్లోనే ఉండి కాళ్ళలోకి, ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. అందుకని రోజు మొత్తానికి అరలీటరు. కూరలో పులుసు, మజ్జిగ, మందు బిళ్ళ మింగే గుక్క, అన్నీ అందులోనే. నేను మంచినీళ్ళ బిందె సామాన్ల గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలకి కట్టుకు తిరిగేదాన్ని. ఆయన స్నానానికి వెళ్తే తలుపు బయట నిలబడేదాన్ని, చెంబుతో నోట్లో పోసుకుంటాడేమోనని. ఓసారి చల్లటి స్టీలు జగ్గు మీద చెమ్మ పట్టిన నీటిచుక్కల్ని నాలుకతో నాకుతూ దొరికాడు. "సిగ్గునేదా, ఎదిగిన కూతురుంది ఇంట్లో" అని వీధి వీధంతా వినేలా కేకలేశాను. అలా కేకలేసినందుకే ఆయన నాలుగేళ్ళు బతికాడని ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ చుక్కల్ని ఎందుకు నాకాడో మాత్రం విశాఖపట్నంలో ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది.

"దెబ్బలాట తర్వాత చూసుకుందువుగాని. ముందు గ్లాసు తీసుకో ఊర్మిళా," అంది డాక్టరు సుభాషిణి గారు. అక్కడి ప్రయోగశాల ఆవిడదే. పొట్టిగా, ఎప్పుడూ పరుగులో ఉండే మనిషి. మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్ళజోడు జుట్టులోకి తోసుకుని, ఆ తర్వాత దానికోసం బల్లంతా వెతుక్కునేది.

"తాగాల్సింది ఆయన కదా మేడం?"

"నువ్వు తాగు."

తాగాను. మూడో గుక్క దిగేసరికి ఆయన కళ్ళు మూసుకున్నాడు. నాలుగో గుక్కకి మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. "సల్లగుంది," అన్నాడు. ఆయన పెదాలకి చెమ్మయినా తగల్లేదు.

మా ఇద్దరి మెడలకీ వేలెడు వెడల్పు పట్టీలున్నాయి. ప్రభుత్వం దానికి మూరెడు ఇంగ్లీషు పేరు పెట్టింది. మా ఊళ్ళో గొంతుజోడు అన్నాం, ఆ పేరే దేశమంతా పాకింది. సుభాషిణి గారు నాకు చెప్పిన సంగతి ఇంతే: ఎండన పడి వచ్చి నీళ్ళు తాగితే వెంటనే దాహం తీరుతుంది. ఆ నీళ్ళు అప్పటికింకా రక్తంలోకి పోనేపోవు. తీరింది అని మెదడుకి కబురు పంపేది గొంతు. ఆ పట్టీ నా గొంతు కబురుని ఆయనకి చేరేస్తుంది. ఎప్పుడు తాగాలో నాకు తెలియాలి గనక ఆయన దాహాన్ని నాకు చేరేస్తుంది. 

"దాహాన్ని చంపలేకపోయానమ్మా. ఎలకల్లో చంపి చూశాను, అవి తిండి కూడా మానేశాయి. చంపడం కుదరదు, మార్చడమే కుదురుతుంది," అంది. ఆ మాట చెప్తున్నప్పుడు ఆవిడ మొహంలో సంతోషమే ఉంది. నా మొహంలోనూ అంతే.

*

మాది ఉద్దానంలో నెల్లిపుట్టుగ. జీడితోటలు, కొబ్బరితోటలు, మధ్యలో ఊళ్ళు, ఊరికి ఇరవై ముప్పై మంది కిడ్నీ రోగులు. కారణం నీళ్ళన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, ఒళ్ళునొప్పుల మాత్రలన్నారు. ఎవరెవరో వచ్చి నీళ్ళూ మట్టీ రక్తమూ సీసాల్లో పట్టుకుపోయారు గాని ఎవరూ తేల్చలేదు. ఒకప్పుడు ఈ జబ్బు మాకే ప్రత్యేకమనుకునేవాళ్ళం. తర్వాత తర్వాత దేశమంతా మాకు తోడొచ్చింది. షుగరు వల్ల కొందరు, బీపీ వల్ల కొందరు, ఎందుకో తెలియకుండా మాలాంటివాళ్ళు కొందరు. డయాలసిస్ మీద బతికేవాళ్ళు రైల్వే ఉద్యోగుల కంటే ఎక్కువైపోయారని టీవీలో చెప్పిన ఏడాదే మా రేషను డిపో పక్కన కూడా సెంటరు పెట్టారు. ఎనిమిది మిషన్లు. పొద్దుటినుంచి పొద్దుపోయేదాకా ఒకరు లేస్తే ఒకరు పడుకునేవారు. అయినా బయట అరుగు మీద వంతుకోసం ఎదురుచూసేవాళ్ళు తగ్గలేదు.

గొంతుజోడుతో మా ఇంటికి మళ్ళీ కళ వచ్చింది. నా తాళంచెవి దేవుడి గూట్లో పడేశాను. మా ఆయనకి కాళ్ళ వాపు తగ్గింది. మిషను మీద పడుకోబోయే ముందు తూచే బరువు చూసి సెంటరు సిస్టరు "ఏం మాయ చేశారు?" అనేది. పొద్దున్నే ఆయన అరుగు మీద కూర్చుని నాకు ఆర్డర్లు వేసేవాడు.

"ఒలే, కాసింత మజ్జిగ తాగే. ఉప్పెయ్యి, నిమ్మాకు నలిపెయ్యి."

"నాను నీ పెళ్ళాన్నా, నీ గొంతునా?"

"ఇప్పుడు రెండూనూ."

కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపే మనిషికి నాలుగేళ్ళుగా కొబ్బరినీళ్ళు లేవు. అందులో ఉండే పొటాషియం ఆయన గుండెని ఆపేస్తుందట. ఓ ఆదివారం లేత బొండం కొట్టించి నేను తాగాను. వాకిట్లో నిలబడ్డ మా ఆయన అమాంతం మా అమ్మాయి లిఖితని పట్టుకుని గిర్రున తిప్పాడు. అదేమో బరంపురం కాలేజీ నుంచి సెలవులకొచ్చి అప్పుడే తలంటుకుని నిలబడింది. "నాన్నా! పిచ్చా నీకు?" అని అరుస్తూనే నవ్వింది.

జీడిపప్పు ఒలిచే షెడ్డులో మాత్రం నా పరువు పోయింది. గంటకోసారి లేచి పరిగెత్తాలి కదా! మా పక్కింటి తవిటమ్మ పిన్ని అందరికీ వినపడేలా అనేది: "ఓలమ్మా, మొగుడికి దాహమేస్తే పెల్లాం దొడ్లోకి పరిగెడతాదేటే! ఇదెక్కడి కాపురమే!"

"పరిగెత్తలేక నువ్వు ఏడవకు పిన్నీ," అనేదాన్ని. షెడ్డంతా ఒకటే నవ్వులు.

ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్ళకి నా దాహం ఏదో ఆయన దాహం ఏదో నాకు తెలియడం మానేసింది. పట్టీల కబురు మోసే సెల్ టవరుకి కరెంటు పోయి అవి ఆగిన రోజున ఎవరి గొంతు వాళ్ళకి తిరిగొచ్చేది. ఆయన గిలగిల్లాడిపోయేవాడు. నేను నా గొంతుని పట్టుకుని, ఇది నాదేనా, ఇంత ఖాళీగా ఉందేమిటి అనుకునేదాన్ని.

*

ఏడాది తిరిగేసరికి మమ్మల్ని మళ్ళీ విశాఖపట్నం పిలిచారు. సుభాషిణి గారి గది గోడకి దేశపటం ఉంది. డయాలసిస్ సెంటరు ఉన్నచోటల్లా ఎర్ర చుక్క. నేను మొదటిసారి చూసినప్పుడు చుక్కలు లెక్కపెట్టొచ్చు అనిపించింది. ఇప్పుడు పటం నిండా దద్దుర్లు లేచినట్టుంది. గొంతుజోడు ఇచ్చినచోట ఎర్ర చుక్క పక్కనే పచ్చ చుక్క పెట్టారు. పచ్చవి కూడా చాలానే ఉన్నాయి. 

ఆవిడ మాత్రం ఆ వైపు చూడకుండా కూర్చుంది. కళ్ళజోడు జుట్టులోనే ఉంది, వెతుక్కోవడం లేదు.

"ఢిల్లేశ్వరరావు గారూ, కొత్త ఉత్తర్వు వచ్చింది. గొంతుజోడు ఉన్నవాళ్ళ ఒంట్లో నీళ్ళు చేరడం లేదు కాబట్టి వాళ్ళకి వారానికి మూడుసార్లు మిషను అక్కర్లేదట. రెండు చాలట. మిగిలిన వంతు బయట ఎదురుచూసేవాళ్ళకి ఇస్తారు."

"మరి మీరేటన్నారు మేడం?" అని నేనడిగాను.

"వద్దన్నాను. నీళ్ళొక్కటే కాదు, ఒంట్లో చెత్త కూడా మిషనే తీయాలి అని చెప్పాను. నా ప్రయోగం ఎంత బాగా పనిచేసిందో నేనే రాసిన కాగితాలు తీసి నాకే చూపించారు." ఆవిడ నా వైపు తిరిగింది. "నేను దీన్ని దాహం తీర్చడానికి చేశాను ఊర్మిళా. మిషన్లు తగ్గించుకోవడానికి కాదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరెళ్ళగానే సెంటరు మీద పడి దులిపేద్దామనుకున్నాను. వెళ్ళాను కూడా. మా ఆయన పడుకునే శుక్రవారం మంచం మీద, చేతికి గొట్టాలు పెట్టుకుని తవిటమ్మ పిన్ని పడుకుని ఉంది. నెల్లాళ్ళుగా షెడ్డుకి రావడం లేదంటే కోడలికి పురుడేమో అనుకున్నాను. మొహం ఉబ్బిపోయి ఉంది. నన్ను చూసి నవ్వడానికి ప్రయత్నించింది.

"ఈ వంతు మీ ఆయనదంట కదే. మీ పున్నెమే తల్లీ," అంది.

దులిపేద్దామని వెళ్ళినదాన్ని ఆవిడ కాళ్ళు ఒత్తి వచ్చాను. ఇంకేం చెయ్యను?

*

వంతు తగ్గాక దాహం పెరిగింది. ఒంట్లో చెత్త నిలవుండే కొద్దీ దాహం ఎక్కువవుతుందట. ఇదివరకు గ్లాసుతో తీరేది, ఇప్పుడు చెంబుతో తీరడం లేదు. నేను తాగుతూనే ఉన్నాను. పొట్ట కుండలా అయ్యేది, అన్నం పట్టేది కాదు. ఓ మధ్యాహ్నం షెడ్డులో పప్పు ఒలుస్తూ ఒలుస్తూ పక్కకి పడిపోయాను. రక్తంలో ఉప్పు పలచబడిపోయిందన్నారు. సుభాషిణి గారు ఫోనులోనే చీవాట్లు పెట్టి, రోజుకి మూడు లీటర్లు దాటితే పట్టీ జుయ్యిమనేలా మార్చేసింది.

మూడు లీటర్లు మధ్యాహ్నానికే అయిపోయేవి. ఆ తర్వాత పొద్దుగూకే దాకా, నిద్ర పట్టే దాకా ఆ ఇసక గొంతు నాది. తాగితే నేను చస్తాను, తాగకపోతే ఇద్దరం మండిపోతాం. ఆ మంట తెలిసి కూడా ఆయన్ని "ఓర్సుకో" అనడానికి నాకు నోరు వచ్చేది కాదు.

అలాంటి ఓ సాయంత్రమే ఆయన మెల్లగా అన్నాడు. "ఈ ప్లాంటు నీలు సప్పగుంటన్నాయే. ఎంత తాగినా గొంతు నమ్మట్లేదు."

ప్లాంటు నీళ్ళంటే, ఎక్కడో దూరంనుంచి గొట్టాల్లో తెచ్చి శుద్ధి చేసి మాకిచ్చే నీళ్ళు. ఉద్దానంలో ఇప్పుడందరం అవే తాగుతాం. ఊరి నూతులన్నిటికీ ప్రభుత్వం ఎర్రరంగు గీత గీసి, ఇనప వల బిగించింది. ఒకవేళ జబ్బు నీళ్ళవల్లే అయితే అన్న అనుమానం మీద.

"ఒక్కపాలి తోటబావి నీలు తాగవే. ఒక్క గుక్క. మరడగను."

మా తోటబావి ఆయన తాత తవ్వించినది. ఎర్రమట్టిలో నాలుగు నిలువుల లోతు. మా ఆయన చిన్నప్పుడు చెట్టు దిగి అక్కడే దోసిట్లో తాగేవాడట. మా పెళ్ళయిన కొత్తలో నాకు ఆ నీళ్ళు తాగించి, ఏ ఊరి నీళ్ళైనా వీటిముందు దిగదుడుపే అని గొప్పలు పోయాడు. తీపి నీళ్ళే. కాదనను.

వల ఓ మూల తుప్పు పట్టి వదులుగా ఉంది. కొబ్బరితాడుకి చిన్న చెంబు కట్టి తోడాను. రెండు గుక్కలు తాగాను. మొట్టమొదటిసారి, నెలల తరబడి ఉన్న ఆ ఇసక, గొంతులోంచి పూర్తిగా కొట్టుకుపోయింది. జోడు పనిచేసేది గొంతు కబురుతోనే కదా. ఆయన గొంతు నమ్మేది ఈ నీళ్ళనే, చిన్నప్పటినుంచీ. చెంబెడు ప్లాంటు నీళ్ళు చెయ్యని పని రెండు గుక్కలు చేశాయి. ఇంటికొచ్చేసరికి ఆయన అరుగు మీద నిద్రపోతున్నాడు, నోరు మూసుకుని, పసిపిల్లాడిలా.

నేను లెక్క వేసుకున్నాను. ఈ నీళ్ళైతే రోజుకి లీటరున్నరతో సరి. పట్టీ జుయ్యిమనదు, రక్తం పలచబడదు, ఆయనకి నిద్ర పడుతుంది. అనుమానమంటారా, అది అనుమానమే, ఎవరు తేల్చారు గనక? మా అత్త అదే బావి నీళ్ళు తాగి ఎనభై ఏళ్ళు బతికింది. ఇలా నాకు నేను చెప్పుకుని, మర్నాటినుంచి షెడ్డుకి పోయే దారిలో తోటలో ఆగి సీసా నింపుకునేదాన్ని. ఆయనకి చెప్పలేదు. ఆయన అడగలేదు. "ఇయాల నీలు బాగున్నాయే" అనేవాడు, అంతే. "అవును" అనేదాన్ని.

*

మరో ఏడాదికి నా రక్తం పరీక్ష కాగితం పట్టుకుని సుభాషిణి గారు నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఏ నీళ్ళు తాగుతున్నావు ఊర్మిళా?"

"ప్లాంటు నీళ్ళే మేడం."

"వేరే ఏమీ లేదా? బావి గానీ, బోరు గానీ?"

"నేదు."

మా ఆయన నా పక్కనే ఉన్నాడు. నేల మీది పలకల్ని చూస్తూ కూర్చున్నాడు.

"నీ క్రియాటినిన్ పెరుగుతోంది. కిడ్నీలు సగానికి పైగా పనిచేయడం లేదు. నువ్వింక జోడు మొయ్యకూడదు, ఇవాళే తీసేస్తున్నాను," అని ఆవిడే లేచి నా మెడ వెనక చెయ్యి పెట్టి పట్టీ ఊడదీసింది. తీస్తున్న చెయ్యి చల్లగా ఉంది. తీయగానే గొంతు ఖాళీ అయిపోయింది. పక్కన మా ఆయన ఒక్కసారి గుటక వేశాడు.

తిరుగు రైల్లో ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టాను. టీ కుర్రాళ్ళు, నీళ్ళ సీసాలవాళ్ళు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. ఆయన ఆ సీసాల వైపు చూడకుండా కిటికీ బయటికి చూస్తున్నాడు. నేనే అడిగాను.

"నీకు తెలుసు కదా మావా, అవి తోటబావి నీలని?"

"తెలుసు."

"రోజూ తెలుసా?"

"రోజూ."

"మరి వొద్దని సెప్పవేటి?"

ఆయన కిటికీ వైపు తిరిగే అన్నాడు: "వొద్దంటే మానేస్తావని బయమేసినాది."

ఆయన్ని కొట్టాలనిపించింది. పెట్టెలో అంతమంది ఉన్నారని ఊరుకున్నాను. కొట్టాలనిపించిన చెయ్యే ఆయన ఎండిన పెదాలు తుడిచింది, తడి రుమాలుతో. అదీ నా బతుకు.

*

జోడు తీసేశాక ఆయన పాత ఢిల్లేశ్వర్రావు కాలేదు, అంతకంటే అన్యాయమైపోయాడు. అప్పుడు వారానికి మూడు మిషన్లు, ఇప్పుడు రెండు. మూడో వంతు తిరిగి ఇమ్మని సెంటరులో అడిగితే, ఎవరిది తీసి ఇమ్మంటావు అన్నారు. మంచం మీద తవిటమ్మ పిన్ని అటు తిరిగి పడుకుంది, వినపడనట్టు. నేను ఇంకోసారి అడగలేదు.

నేను మళ్ళీ బిందెకి తాళం వేశాను. చేత్తో తాళం వేస్తున్నాను గాని మనసు ఒప్పుకోవడం లేదు. ఆ గొంతు ఎలా ఉంటుందో తెలిశాక ఎవరు మాత్రం కాపలా కాయగలరు? రెండుసార్లు నేనే తాళం మర్చిపోయాను. నిజంగా మర్చిపోయానో లేదో దేవుడికే తెలియాలి. మూడోసారి ఆయన ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. నోటివెంట నురగ. ఆటోలో సెంటరుకి తీసుకెళ్ళి, తవిటమ్మ పిన్ని తనే లేచి మంచం ఇస్తే, మిషను పెట్టి బతికించారు. 

ఆ కబురు విని లిఖిత బరంపురం నుంచి వచ్చేసింది. వచ్చి, సంచి కింద పెట్టకుండానే అంది: "నాన్న జోడు నేను వేసుకుంటాను."

"నోరుముయ్యి," అన్నాను.

"నువ్వు వేసుకోలేదా?"

"నాను పెల్లాన్ని. నువ్వు రేపు ఒకింటికి పోవాల్సిన గుంటవి."

"అయితే? ఏ ఇంటికి పోయినా గొంతు నాతోనే ఉంటుంది కదమ్మా. నాన్న ఇంకోసారి అలా పడిపోతే లేస్తాడా? నువ్వు చెప్పు, లేస్తాడా?"

మొండిది. ఎవరి పోలికో వేరే చెప్పాలా! మా ఆయన "వొద్దు తల్లీ, వొద్దు" అంటూనే ఉన్నాడు, ఆ అనడానికి కూడా ఆయాసపడుతూ.

దాన్ని తీసుకుని నేనే విశాఖపట్నం వెళ్ళాను. పట్టీ బిగించే ముందు సుభాషిణి గారిని వరండాలోకి పిలిచి తోటబావి సంగతి మొత్తం చెప్పేశాను. ఆవిడ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. స్తంభానికి ఆనుకుని నిలబడిపోయింది.

"బావే కారణమని ఇప్పటికీ నేను చెప్పలేను. కాదనీ చెప్పలేను. ఒకటి మాత్రం నాకు ముందే తట్టాల్సింది. దేశంలో జోడు మోస్తున్న వాళ్ళందరూ దాదాపు ఆడవాళ్ళే ఊర్మిళా. పెళ్ళాలు, అమ్మలు, అక్కచెల్లెళ్ళు. ఎవరి మనిషి ఏ నీళ్ళు తాగి పెరిగాడో ఆ నీళ్ళే వెతుక్కుంటూ ఎంతమంది వెళ్తున్నారో!" అంది. పటం ఉన్న గది వైపు చూసింది. "ఆపేయమని ఈసారీ రాస్తాను. ఎవరైనా వింటారని నాకు నమ్మకం లేదు. అమ్మాయికి వద్దంటే ఇప్పుడే ఇంటికి తీసుకెళ్ళిపో. నేనే సంతకం పెట్టి పంపించేస్తాను."

తీసుకెళ్ళిపోవాల్సింది. గోడకి ఆనుకుని నురగ కక్కిన మనిషి కళ్ళముందు నిలబడ్డాడు. తీసుకెళ్ళలేకపోయాను.

*

మొదటిరోజు లిఖిత పట్టీ పెట్టుకుని వాకిట్లో కూర్చుంది. దాహం దాని గొంతులోకి దిగడం దాని మొహంలో చూశాను. పెదాలు తెరిచి, నా వైపు చూసి, మళ్ళీ నాన్న వైపు చూసింది. నాలా కోప్పడలేదు. గ్లాసెడు ప్లాంటు నీళ్ళు గడగడా తాగింది. ఇంకో గ్లాసు. మూడోది సగంలో ఆపి అడిగింది.

"నాన్నా, నీకింకా తీరలేదు. నాకు తెలుస్తోంది. నీకే నీళ్ళు ఇష్టం? చెప్పు, ఎక్కడున్నా తెచ్చుకుని తాగుతాను."

ఆయన నా వైపు చూడలేదు. 

"ప్లాంటు నీలే తల్లీ," అన్నాడు. "నాకు ప్లాంటు నీలే ఇష్టం."

"మరి ఇంకా మండుతోందేం?"

"అది కాసింత మిగిలే ఉంటాది. ఎప్పుడూ ఉండీదే. అలవాటైపోద్ది. ఆ నీలే తాగు, ఇంకేవీ ముట్టకు."

నేను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముందు కూలబడ్డాను. ఏడుపొచ్చింది. ఆయన అన్న మాటకి సంతోషమూ వచ్చింది, ఆ సంతోషం వెనకే అసూయా వచ్చింది. కన్నకూతురి మీద అసూయేమిటని తిట్టుకున్నా పోలేదు. ఒక్క అబద్ధం. "నాకు ప్లాంటు నీళ్ళే ఇష్టమే" అనే ఒక్క అబద్ధం నాకు కూడా చెప్పి ఉంటే నా కిడ్నీలు నాకుండేవేమో. ఏమో. ఎవరూ తేల్చలేదు కదా.

కానీ లిఖిత నా కూతురు. ఇవాళ తీరలేదని ఊరుకుంటుంది. రేపు తవిటమ్మ పిన్నినో, తోటలో కాయలు ఏరేవాళ్ళనో అడుగుతుంది, మా నాన్న చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగేవాడని. ఎవరో ఒకరు చెప్తారు. వలలో తుప్పు పట్టిన మూల ఎక్కడుందో దానికి వెతకక్కర్లేకుండానే కనపడుతుంది. వల బిగిస్తే విప్పుతుంది. తాళం వేస్తే పగలగొడుతుంది. నేనైతే అదే చేసేదాన్ని.

మర్నాడు పొద్దున్నే మోటారు షెడ్డులోని డీజిల్ డబ్బా నెత్తిన పెట్టుకుని తోటకి వెళ్ళాను. వల మూల ఎత్తి, ఒక్కసారి కిందికి చూశాను. నీళ్ళలో ఆకాశం ముక్క, నా తలకాయ. డబ్బా మొత్తం వంచేశాను. ఆయన తాత తవ్వించిన బావి. నన్ను తెచ్చి గొప్పగా తాగించిన బావి. రంగురంగుల తెట్టు నీళ్ళ మీద మెల్లగా విచ్చుకుని అంచుల దాకా పాకింది. డీజిల్ వాసన చేతులకి అంటుకుంది. తాడూ చెంబూ కూడా అందులోనే పడేసి వచ్చేశాను.

మా ఆయన అరుగు మీదున్నాడు. దగ్గరికి రాగానే ముక్కు ఎగబీల్చాడు. నా చేతులు పట్టుకుని వాసన చూశాడు. కొబ్బరి చెట్లు, బావి, వల, డబ్బా, అన్నీ ఆ వాసనలోనే ఆయనకి తెలిసిపోయాయి.

"పోసీసినావా?"

"పోసీసినాను."

"మొత్తం?"

"మొత్తం."

"మంచి పని సేసినావు," అన్నాడు. నా చేతులు వదల్లేదు. మొహంలో ఒక్క గీత కదల్లేదు. ఆయన్ని చూస్తే ఎవరైనా, పర్లేదు, తేలిగ్గానే తీసుకున్నాడు అనుకుంటారు.

ఇంట్లోంచి ఏదో కింద పడ్డ చప్పుడైంది. లిఖిత గొంతు రెండు చేతులా పట్టుకుని గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది. కళ్ళు పెద్దవై ఉన్నాయి.

"అమ్మా! నాన్నకి ఏమైంది? ఒక్కసారిగా ఇంత దాహం వేసిందేం?"